దసరాకు జార్జియా, సంక్రాంతికి నాసిక్: ద్రాక్షతోటల యాత్రను ఎంచుకోవడం ఎలా?

జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు ఆ దారిన వెళ్లినవారికి మామిడి వ్యాపారమంటే ఏమిటో ఒక్క గంటలో అర్థమవుతుంది. అదే ఫ్యాక్టరీని డిసెంబరులో చూడబోతే కడిగి ఆరబెట్టిన యంత్రాలూ, గేటు దగ్గర కాపలాదారూ తప్ప మరేమీ కనిపించవు. వైన్ తయారయ్యే ప్రాంతాలూ అంతే. లక్షలు ఖర్చుపెట్టి ఏప్రిల్ మొదటి వారంలో ఫ్రాన్స్‌లోని బోర్డోకు వెళ్లినవారు అప్పుడప్పుడే చిగురిస్తున్న మోళ్ల వరసలను చూసి తిరిగివస్తారు. అందువల్ల ఏ ప్రాంతపు వైన్ గొప్పది అన్న ప్రశ్నతో మొదలయ్యే సలహాలు మనకు పెద్దగా ఉపకరించవని నా అభిప్రాయం. మన కుటుంబాలన్నీ కలిసి కదలగలిగేది సంక్రాంతికో, వేసవిలోనో, దసరాకో మాత్రమే. ఆ మూడింటిలో మీకు వీలైనది ఏదో తేల్చుకుంటే ప్రపంచ పటంలో సగం ప్రాంతాలు వాటంతటవే పక్కకు తప్పుకొంటాయి.

ఇందుకు ద్రాక్షతీగ ఏడాది ఎలా గడుస్తుందో కొంచెం తెలియాలి. ఐరోపా, అమెరికా, జార్జియా వంటి ఉత్తరార్ధగోళపు ప్రాంతాల్లో తీగ చలికాలమంతా నిద్రపోయి, మార్చి, ఏప్రిల్‌లలో చిగురించి, జూన్ ప్రాంతంలో పూతకు వచ్చి, ఆగస్టులో కాయ రంగు తిరిగి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోతకు వస్తుంది. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలలో ఇదంతా తలకిందులై ఫిబ్రవరి, మార్చి నెలలు కోత కాలమవుతాయి. మన దేశంలో తీగకు నిద్రపోయేంత చలి లేదు కాబట్టి రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేసి, ఏప్రిల్ కత్తిరింపుతో కొమ్మను బలపరచి, సెప్టెంబరు, అక్టోబరు కత్తిరింపుతో కాయను రప్పించి, జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. కోలారు, చిక్కబళ్లాపురం వైపు బంధువులున్న మన పలమనేరు, వి.కోట వాసులకు ఈ సంగతి కొత్త కాదు.

రెండో సంగతి, తిరుపతి నుంచి బయలుదేరే కుటుంబంలో తాగేవారికంటే తాగనివారే ఎక్కువగా ఉంటారు. అమ్మానాన్నలు, పిల్లలు, శాకాహారులు, వారంలో కొన్ని రోజులు నియమం పాటించేవారు అందరూ ఒకే వాహనంలో ఉంటారు. ఇద్దరు గ్లాసులు పట్టుకుని కూర్చుంటే మిగిలిన నలుగురు ఆ గంటన్నరలో ఏం చేస్తారన్నదే ఒక ప్రాంతానికి నేను పెట్టే అసలు పరీక్ష. దీనికి తోడు బండి ఎవరు నడపాలన్న సమస్య ఉంటుంది. రైలు, ట్రామ్, పడవ ఉన్న చోట ఆ సమస్యే పుట్టదు.

సంక్రాంతి సెలవులైతే

ఈ సెలవులకు పాస్‌పోర్టు అవసరం లేదు. నాసిక్ చాలు. తిరుపతి నుంచి సాయినగర్ షిరిడీకి వారానికి ఒకసారి నేరుగా రైలు ఉంది. అక్కడి నుంచి నాసిక్ దాదాపు 90 కిలోమీటర్లు. షిరిడీ దర్శనం, త్ర్యంబకేశ్వరంలో జ్యోతిర్లింగం, బ్రహ్మగిరిలో గోదావరి పుట్టినచోటు, పంచవటి చూసుకునే యాత్రలో ఒక మధ్యాహ్నాన్ని గంగాపూర్ జలాశయం చుట్టుపక్కల ద్రాక్షతోటలకు కేటాయించవచ్చు. ఇంట్లో పెద్దలను ఒప్పించడానికి ఇంతకంటే సులువైన దారి నాకు తోచలేదు. నాసిక్ పండుగా తినే ద్రాక్షకు పేరుపడిన ఊరు, కానీ సందర్శకులను తోటలోకి పిలిచి, తయారీ చూపించి, రుచి చూపించే పద్ధతి ఇక్కడ స్థిరపడటానికి ముఖ్య కారణం 1999లో మొదలైన సులా వైన్‌యార్డ్స్. ఇప్పుడు ఆ చుట్టుపక్కలే మరికొన్ని చిన్న వైనరీలు కూడా ఉన్నాయి. నా సలహా ఏమిటంటే జనం కిక్కిరిసే శనివారాలు, ఆదివారాలు వదిలిపెట్టి మామూలు రోజున వెళ్లి, పెద్ద వైనరీ ఒకటి, చిన్నది ఒకటి చూడండి. పెద్దదానిలో యంత్రాలు తెలుస్తాయి, చిన్నదానిలో మనుషులు మాట్లాడతారు.

సంక్రాంతి నాటికి కోత మొదలయ్యే దశలో ఉంటుంది. కాళ్లతో ద్రాక్ష తొక్కే సరదా, గుత్తులు కోసే పని వంటివి చూడాలంటే ఫిబ్రవరి ఇంకా మేలు. జనవరి 26 మాత్రం మహారాష్ట్రలో మద్యం అమ్మని రోజు, కాబట్టి గణతంత్ర దినోత్సవపు సెలవును చూసి టికెట్లు కొనకండి. 2027లో నాసిక్‌లో కుంభమేళా ఉన్నందున ఆ ఏడాది గదుల సంగతి ముందుగా చూసుకోవాలి.

నాసిక్‌కు కూడా అంత సమయం లేకపోతే నంది కొండలు ఉన్నాయి. చిత్తూరు నుంచి పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా నాలుగు గంటల ప్రయాణం. తెల్లవారుజామున బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. కొండల దిగువన దొడ్డబళ్లాపురం వైపు ఉన్న గ్రోవర్ జంపా వైనరీ దేశంలో పాతవాటిలో ఒకటి. ముందుగా చెప్పి వెళ్తే తోట, పీపాల గది, రుచి చూడటం, భోజనం అన్నీ ఒక పద్ధతిలో జరుగుతాయి. వైన్ మీద ఆసక్తి లేనివారు నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయంలో ఆ రెండు గంటలు గడపవచ్చు. ఆ స్తంభాల చెక్కడానికి రెండు గంటలు చాలవు కూడా. నాసిక్‌తో పోలిస్తే ఇక్కడ చూడదగినది తక్కువే. అయినా విదేశీ యాత్రకు డబ్బు కట్టే ముందు ఒకసారి నందికి వెళ్లి రావాలని నేను అందరికీ చెబుతాను. ఒక వైనరీలో గంటన్నర గడిపాక విసుగు పుడితే ఐదు లక్షలు మిగిలినట్టే.

దక్షిణాఫ్రికాలోని స్టెల్లెన్‌బాష్, ఫ్రాన్స్‌హుక్ కూడా జనవరి చివర నుంచి కోతలో ఉంటాయి. కేప్‌టౌన్ నుంచి స్టెల్లెన్‌బాష్ 50 కిలోమీటర్లే; ఫ్రాన్స్‌హుక్‌లో ఒక తోట నుంచి మరో తోటకు తిప్పే ట్రామ్ ఉండటం వల్ల బండి నడిపే బాధ లేదు. అయితే సంక్రాంతి సెలవుల్లో రానుపోను ప్రయాణానికే మూడు రోజులు పోతాయి. పిల్లలు మెల్‌బోర్న్‌లో స్థిరపడినవారికి గంట ప్రయాణంలో యారా లోయ ఉంది. వారు ఫిబ్రవరి, మార్చిలలో వెళ్తే సరిపోతుంది, వేరే ఆలోచన అక్కరలేదు.

దసరా సెలవులైతే

అసలైన ఎంపిక ఇక్కడే ఉంది, ఎందుకంటే ఉత్తరార్ధగోళమంతా అప్పుడు కోతలో ఉంటుంది. నా దృష్టిలో పోటీ రెండింటి మధ్యే: జార్జియాలోని కఖేతి, పోర్చుగల్‌లోని డౌరో లోయ.

పంచాంగం కలవకపోతే రెండూ వృథా కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. డౌరోలో కోత సెప్టెంబరులో ముమ్మరంగా సాగి అక్టోబరు మొదట్లో ముగుస్తుంది. కఖేతిలో ర్త్వేలి అని పిలిచే కోత సంబరం సెప్టెంబరు మధ్యలో మొదలై అక్టోబరులోకి సాగుతుంది. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. అటువంటి ఏడాది రెండు చోట్లా పని జరుగుతుండగా చూడవచ్చు. అధిక మాసం వచ్చిన 2026లో దసరా అక్టోబరు మూడో వారానికి జరుగుతుంది. తిరుపతివాసులకు దీనికి ఒక కొండగుర్తు ఉంది: తిరుమలలో రెండు బ్రహ్మోత్సవాలు జరిగే ఏడాది దసరా ఆలస్యంగా వస్తుంది. ఆ ఏడాది డౌరోను మరచిపోయి కఖేతిని ఎంచుకోండి.

కఖేతిలో చూడవలసినది మట్టి బాన. క్వెవ్రి అనే ఈ బానలు గుడ్డు ఆకారంలో, కొన్ని మనిషి దిగగలిగినంత పెద్దగా ఉంటాయి. లోపల తేనెమైనం పూసి, మెడ దాకా భూమిలో పాతిపెడతారు. మన రాయలసీమలో ధాన్యాన్ని పాతరలో దాచేవారని విన్నవారికి ఆ ఆలోచన వెంటనే అందుతుంది, ఎందుకంటే భూమి లోపల వేడిమి పెద్దగా మారదు. తెల్లద్రాక్షను కూడా తొక్క, గింజ, కాడలతో సహా అందులో నెలల తరబడి ఉంచడం వల్ల వైన్ టీ డికాషన్ రంగుకు తిరిగి, నాలుకకు కొంచెం వగరు తగులుతుంది. జార్జియాలో దొరికిన పాత్రల పెంకుల్లోని ఆనవాళ్లను బట్టి అక్కడ ఈ పని దాదాపు 8,000 ఏళ్లుగా జరుగుతోందని పురావస్తు పరిశోధకులు తేల్చారు. ఈ బానల పద్ధతిని యునెస్కో 2013లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. రాజధాని త్బిలిసి నుంచి సుమారు 110 కిలోమీటర్ల దూరంలో కొండ మీద ఉన్న సిగ్నాగి ఊరిలో బస చేస్తే కింద అలజాని లోయ మొత్తం కనిపిస్తుంది. అక్కడ ఎన్నో ఇళ్లలో పెరట్లోనే బానలు పాతి ఉంటాయి కనుక వైనరీకి బదులు ఒక రైతు ఇంట భోజనానికి ఏర్పాటు చేసుకోవడమే సరైన పని.

శాకాహారులకు కఖేతి ఆశ్చర్యకరంగా అనుకూలం. రాజ్మా గింజలు ఉడికించి చేసే లోబియో, అదే ముద్దను లోపల పెట్టి కాల్చే రొట్టె, అక్రోటు ముద్ద పూసిన వంకాయ చుట్టలు, జున్ను నింపిన ఖచపురి దాదాపు ప్రతి చోటా దొరుకుతాయి. పిల్లల కోసం, తాగనివారి కోసం చుర్చ్‌ఖేలా ఉంది: అక్రోటు పప్పులను దారానికి గుచ్చి, పిండి కలిపి చిక్కగా కాచిన ద్రాక్షరసంలో మళ్లీమళ్లీ ముంచి ఆరబెడతారు. మామిడి తాండ్ర ఎరిగిన మనకు దాన్ని ఎలా తినాలో ఎవరూ నేర్పనక్కరలేదు. జాగ్రత్త పడవలసింది విందు దగ్గర. అక్కడ తమదా అనే పెద్దమనిషి ఒక్కొక్కరి పేరున, ఒక్కొక్క విషయం మీద మాట్లాడి గ్లాసు ఎత్తుతూ విందు నడిపిస్తాడు. ఇది గంటల తరబడి సాగుతుంది. తాగని వారు మొదటే ఆ మాట చెప్పి ద్రాక్షరసం గ్లాసు పట్టుకుంటే సరిపోతుంది. సగం దాకా తాగి ఆపబోతే మాత్రం బతిమాలడాలు మొదలవుతాయి, మన పెళ్లిళ్లలో వడ్డన దగ్గర జరిగినట్టే.

డౌరో అందం వేరు. పలకరాతి కొండలను తొలిచి, సున్నం లేకుండా రాళ్లు పేర్చి కట్టిన మెట్ల తోటలు నది మలుపులతో పాటు మలుపు తిరుగుతుంటాయి. 1756లోనే ఈ ప్రాంతానికి హద్దులు గీసి, ఆ హద్దుల లోపల పండినదే పోర్ట్ వైన్‌కు వాడాలని నియమం పెట్టారు. పోర్టో నగరంలోని సావ్ బెంతో స్టేషన్‌లో, నీలిరంగు పలకల మీద చిత్రించిన గోడలను చూసి రైలెక్కితే రెండున్నర గంటల్లో పిన్యావ్ చేరతారు. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోవాలి, నది అటే ఉంటుంది. ఆ ప్రయాణం ఒక్కటే టికెట్ డబ్బులకు సమానమని తాగనివారు కూడా ఒప్పుకొంటారు. కొన్ని తోటల్లో ఇప్పటికీ వెడల్పాటి రాతి తొట్లలో మనుషులు భుజాలు కలిపి వరసగా నిలబడి ద్రాక్ష తొక్కుతారు. పులియడం పూర్తికాకముందే ద్రాక్ష నుంచి దింపిన ఘాటైన సారాను కలపడం వల్ల పులియడం ఆగిపోయి తీపి మిగులుతుంది. అందుకే పోర్ట్ వైన్ పానకంలా లోపలికి దిగుతుంది, కానీ మామూలు వైన్‌లో 12 నుంచి 14 శాతం ఉండే ఆల్కహాలు దీనిలో 20 శాతం దాకా ఉంటుంది. రుచి తీయగా ఉందని మూడు గ్లాసులు వరసగా తాగినవారు తిరుగు రైలును అందుకోలేరు.

డౌరోలో మనకు ఇబ్బంది తిండి. ఎండుచేప లేని వంటశాల అరుదు, ఆకుకూర సూప్‌లో కూడా పంది మాంసపు ముక్క తేలుతుంది. పోర్టో నగరంలో బస చేసి, పగటిపూట లోయకు వెళ్లి రావడమే శాకాహారులకు మార్గం. ఖర్చు విషయంలో కూడా కఖేతి తేలిక. పైగా డౌరోకు షెంగెన్ వీసా కావాలి, దాని కోసం చెన్నైకో బెంగళూరుకో తిరగాలి. రెండింటిలో ఒకటే చెప్పమంటే కుటుంబంతో వెళ్లేవారికి కఖేతి, భార్యాభర్తలు ఇద్దరే అయితే డౌరో అంటాను.

వేసవి సెలవులైతే

మే, జూన్ నెలల్లో కోత దాదాపు ఎక్కడా ఉండదు. అప్పుడు వైన్ కోసం కాక తోట కోసం వెళ్లాలి, అందుకు నాకు తెలిసినంతలో స్విట్జర్లాండ్‌లోని లావోను మించినది లేదు. మనవారు టూరు కంపెనీలతో వెళ్లి టిట్లిస్ మంచు, లూసర్న్ వంతెన చూసి వచ్చేస్తారు. లోజాన్, మోంత్రో పట్టణాల మధ్య సరస్సు ఒడ్డున మెట్లుమెట్లుగా దిగే ఈ తోటలను రైలు కిటికీలోంచి కూడా చూడరు. 11వ శతాబ్దం నుంచి క్రైస్తవ సన్యాసులు కట్టుకుంటూ వచ్చిన ఈ రాతిగోడల తోటలను యునెస్కో 2007లో గుర్తించింది. అక్కడివారు ఈ తోటలకు మూడు సూర్యులున్నారంటారు: ఆకాశంలోది ఒకటి, సరస్సు నీటిలో ప్రతిఫలించేది ఒకటి, పగలంతా వేడెక్కి రాత్రి ఆ వేడిని తీగకు ఇచ్చే రాతిగోడ మూడోది. తోటల నడుమ నడవడానికి బాట ఉంది, కిందుగా ఊరూరికీ రైల్వే స్టేషన్ ఉంది. అలిసిపోయిన చోట రైలెక్కవచ్చు. ఒక చుక్క తాగకపోయినా రోజు నిండుగా గడిచే వైన్ ప్రాంతం ఇదొక్కటే అని గట్టిగా చెప్పగలను. స్విస్ వైన్ దేశం దాటి వచ్చేది చాలా కొద్ది కనుక రుచి చూడదలచినవారికి అక్కడే చూడాలన్న కారణం కూడా ఉంది.

ఇటలీలోని టస్కనీ రెండో స్థానంలో ఉంటుంది. ఫ్లోరెన్స్, సియెనాల మధ్య కియాంతి కొండల్లో పొలం ఇళ్లలో బస చేయడం, పాత రొట్టెను టమాటాతో ఉడికించిన ముద్ద, వెల్లుల్లి వేసిన పాస్తా తినడం మదనపల్లె టమాటా రుచి ఎరిగినవారికి నచ్చుతుంది. కానీ అక్కడ కారు తప్పదు. తాగి నడిపే వారికి ఇటలీలో లీటరు రక్తానికి అర గ్రాము పరిమితి. అంతకంటే మనవారిని ఎక్కువగా దెబ్బతీసేది పాత పట్టణాల్లో బయటి వాహనాలకు నిషేధించిన వీధులు. కెమెరా ఫోటో తీసుకుంటుంది, జరిమానా చీటీ నెలల తరువాత ఇంటికి వస్తుంది. అందువల్ల రోజుకు ఒక డ్రైవరును మాట్లాడుకోగలిగితేనే టస్కనీ పెట్టుకోండి.

పారిస్ చూడబోతున్నవారికి ఒక్కరోజు మిగిలితే షాంపేన్ ప్రాంతం చాలు. టీజీవీ రైలులో 45 నిమిషాల్లో రీమ్స్ చేరవచ్చు. ఫ్రెంచి రాజుల పట్టాభిషేకాలు జరిగిన చర్చి, రోమన్ల కాలంలో సుద్దరాయి తవ్విన గోతులనే నేలమాళిగలుగా మార్చుకున్న వైన్ గృహాలు రెండూ అదే ఊరిలో ఉన్నాయి. లోపల 10, 12 డిగ్రీల చలి ఉంటుంది, శాలువా మరచిపోవద్దు. కొన్నిటిలో వందకు పైగా మెట్లు దిగి ఎక్కాలి. అలిపిరి మెట్లు ఎక్కినవారికి ఇదొక లెక్క కాదు గానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దలతో వెళ్తే లిఫ్ట్ ఉన్నదో లేదో ముందే అడగండి. బోర్డో గురించి అందరూ అడుగుతారు. అక్కడి గొప్ప తోటలు ముందస్తు అనుమతి లేకుండా గేటు తీయవు, ఆ తోటలకు శ్రేణులు కట్టిన 1855 నాటి పట్టికను కంఠస్థం చేసినవారికి తప్ప ఆ భవనాలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. మొదటి యాత్రకు దాన్ని నేను సూచించను.

పిల్లలు కాలిఫోర్నియాలో ఉంటే

మన జిల్లాల తల్లిదండ్రులు ఆరు నెలలు ఉండటానికి వెళ్లేది ఫ్రీమాంట్, శాన్‌హోసే వైపే కాబట్టి నాపా లోయ మాట తప్పక వస్తుంది. 1976లో పారిస్‌లో పేర్లు దాచి జరిపిన పోటీలో ఫ్రెంచి వైన్లను ఓడించి నాపా పేరు తెచ్చుకుంది. ఆ పేరుతో పాటే రుచి చూపించే రుసుములూ పెరిగాయి. నా లెక్కలో మనకు సరిపోయేది లివర్మోర్. ఉదయం అక్కడి శివ విష్ణు ఆలయంలో దర్శనం చేసుకుని, భోజనం చేసి, మధ్యాహ్నం అదే ఊరి అంచున 1883లో మొదలైన వెంటే, కంకానన్ తోటల్లో ఒకదానిలో తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. నాపాకు వెళ్లే పక్షంలో ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, అంతకు మించి పెట్టుకోకండి. కొడుకో అల్లుడో బండి నడపవలసి వస్తే ఆయన ఆ రోజు గ్లాసు ముట్టకూడదు. తాగి నడిపిన కేసులో అరెస్టయితే ఉద్యోగ వీసా రద్దయ్యే పరిస్థితి కూడా రావచ్చు.

ఎక్కడికి వెళ్లినా ఉపయోగపడే మాటలు కొన్ని ఉన్నాయి. రుచి చూసిన వైన్‌ను పక్కనున్న పాత్రలో ఉమ్మివేయడం అక్కడ మర్యాదే, సిగ్గుపడనక్కరలేదు. ఒకే గ్లాసును ఇద్దరికి ఇచ్చే చోట ఎంగిలి పట్టింపు ఉన్నవారు వేరే గ్లాసు అడిగితే ఇస్తారు. కొన్ని వైన్లను తేటపరచడానికి కోడిగుడ్డు తెల్లసొన, చేప నుంచి తీసిన జిగురు వాడతారు గనుక శాకాహారం పాటిస్తూ వైన్ తాగేవారు జంతువుల నుంచి వచ్చిందేదీ వాడలేదని తెలిపే వీగన్ అన్న గుర్తు ఉన్న సీసా అడగాలి.

తిరుగు ప్రయాణంలో విదేశం నుంచి ఒక్కొక్కరు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. నాసిక్, నంది నుంచి కారులో వచ్చేవారి సంగతి వేరు. పొరుగు రాష్ట్రాల మద్యం మన రాష్ట్రంలోకి తేవడం మీద ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడే రుచి చూసి, ఖాళీ చేతులతో రావడమే మేలు. చెన్నై విమానాశ్రయం నుంచి నేరుగా మొక్కు తీర్చుకోవడానికి కొండకు వెళ్లాలనుకునేవారు సీసాలున్న పెట్టెను కింద తిరుపతిలో బంధువుల ఇంట దించి వెళ్లాలి. అలిపిరి తనిఖీ కేంద్రంలో పెట్టెలన్నీ యంత్రం గుండా వెళ్తాయి, తిరుమల మీద మద్యం పూర్తిగా నిషిద్ధం.